వాడపల్లి నుంచి ముగ్గురే వచ్చేరు

అత్తగారి ఫోను తులసి హ్యాండ్‌బ్యాగులో మోగింది.

వాడపల్లి గుడినించి రాగానే మంచం మీద పడేసిన బ్యాగు అది. లోపల దువ్వెనకీ, పాప నీళ్ళ సీసాకీ మధ్య ఎక్కడో ఆ పాత చిన్న ఫోను గోవిందనామాలు గట్టిగా పాడుతోంది. పట్టుచీర మార్చుకుంటున్న తులసి కొంగు చేత్తో పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

"నాన్నమ్మ ఫోను!" అంటూ మోక్షిత పరిగెత్తుకొచ్చి, జిప్పు లాగి, ఫోను చెవిన పెట్టుకుంది. ఒకటో తరగతి పిల్ల. "ఆయ్, అత్తా! నాన్నమ్మా? నాన్నమ్మ మీ దగ్గరే ఉందిగా?"

అవతల నుంచి ఏం వినపడిందో, పిల్ల మొహం మారింది. ఫోను తల్లి చేతిలో పెట్టేసి వెనక్కి జరిగింది.

"తులసీ, అమ్మని పిలువు," అంది అనురాధ కొత్తపేట నుంచి. ప్రసాద్‌కి అక్క, తులసికి ఆడపడుచు. "బీపీ మాత్ర వేసుకుందో లేదో అడగాలి."

"అత్తయ్యగారు మీతో రాలేదాండీ?"

"మాతోనా? మేం మీకన్నా ముందే బయల్దేరేం కదా! అమ్మ పొద్దున్న మీ కార్లోనే కదా వచ్చింది!"

"మీ ఇంటికి వస్తారనుకున్నామండీ. అలిసిపోతే కొత్తపేటలో దిగిపోతానని పొద్దున్న అన్నారు కదా..."

"మధ్యాహ్నం నువ్వు స్టేటస్ పెట్టేవు తులసీ. లొల్ల లాకుల దగ్గర కేకు కోస్తున్న ఫోటో. అందులో మీరు ముగ్గురే ఉన్నారు. అమ్మే తీసింది కాబోలు అనుకుని, నేను దానికి దండం పెట్టే బొమ్మ పంపేనే!"

ఆ ఫోటో తీసింది దారినపోయే ఎవరో కాలేజీ అమ్మాయి. నవ్వండి, నవ్వండి అంటూ తీసింది. ముగ్గురూ నవ్వేరు. పెళ్లయ్యాక తన మొహం అంత బాగా పడిన ఫోటో ఇంకొకటి లేదు.

వాకిట్లో ప్రసాద్ కారు కడుగుతున్నాడు. స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన కారు, తెల్లారేసరికి ఇచ్చెయ్యాలి. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పని అతనిది. సెలవు మీద వచ్చి నెల దాటింది, ఇంకో పది పదిహేను రోజుల్లో ప్రయాణం. తులసి గుమ్మం దాకా వచ్చి, "ఏవండీ, అత్తయ్యగారు వదినగారింటికి వెళ్ళలేదంటండీ," అంది.

ప్రసాద్ చేతిలో పైపు నేల మీద పడి, నీళ్ళు వాకిలంతా పారుతున్నాయి. అతను వంగి దాన్ని తియ్యలేదు.

"మరెక్కడుంది?" అన్నాడు.

"ఏమోనండీ."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. అతను తడి బట్టల్తోనే కారెక్కి వాడపల్లి రోడ్డు పట్టేడు. అక్కడ అప్పటికే అనురాధ భర్త వీరబాబు మోటారు సైకిలు మీద వెళ్ళి, గుడి చుట్టూ, గోదావరి గట్టంతా వెతకడం మొదలుపెట్టేడు. అమ్మ బస్సెక్కి ఇంటికొచ్చేస్తుందేమోనని అనురాధ మాత్రం ఆటో కట్టించుకుని అమలాపురం వచ్చేసింది.

వస్తూనే ఇల్లంతా కలయతిరిగింది, అమ్మ ఏ గదిలోనో పడుకుని ఉన్నట్టు. ఆఖరికి హాల్లో కుర్చీలో కూలబడి భర్తకి ఫోను చేసింది.

"అంతా మీవల్లే! ఎప్పుడూ తొందరే మీకు. కారు తియ్యబోయే ముందు పెద్దావిడ ఎక్కడుందో చూసుకోవక్కర్లేదా? ... మీకేంటండీ, మీ అమ్మయితే ఇలాగే వదిలేసేవారా? ... మైకులో చెప్పించేరా? మళ్ళీ చెప్పించండి!"

వీరబాబు అవతల నుంచి ఆయ్, ఆయ్ అంటున్నాడు. అంతకుమించి ఒక్క మాట అనట్లేదు. ఏ పాపమూ తెలియని మనిషి. ఆయన ఆయ్ అన్నప్పుడల్లా తులసి చేతిలో మంచినీళ్ళ గ్లాసు కొంచెం కొంచెం బరువెక్కుతోంది.

"తీసుకోండి వదినగారూ."

"నాకొద్దు." గ్లాసు పక్కన పెట్టేసి, అనురాధ మరదలి చెయ్యి పట్టుకుంది. "నిన్నేమీ అనట్లేదమ్మా నేను. పిల్లని చూసుకుంటావా, అందర్నీ లెక్కపెట్టుకుంటావా? పెళ్లిరోజు పూటా నీకీ తిప్పలొచ్చిపడ్డాయి."

తిట్టినా బాగుండేది. తులసి చెయ్యి లాక్కోలేకా, ఉంచలేకా అలాగే నిలబడింది.

వీధి గేటు చప్పుడైంది. పక్కింటి రేచల్ చున్నీ సర్దుకుంటూ లోపలికొచ్చింది. "ఏంటండీ, పెద్దమ్మగారు కనపడట్లేదంట? మా తమ్ముడు జాషువా వాడపల్లిలో ఆటో వేస్తాడు కదండీ, గుడి మైకులో ఆవిడ పేరూ, మన ఊరి పేరూ విన్నాడంట. ఇప్పుడే ఫోను చేసేడు."

"కనపడతారండీ. జనం కదా," అంది తులసి.

"అయ్యో, మీతోనే కదండీ వెళ్ళేరు పొద్దున్న? నేను చూసేను, కొత్త నీలంచీర కట్టుకుని కార్లో ముందు కూర్చున్నారు. నాకు చెయ్యి ఊపేరు కూడాను."

రేచల్ ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేమీ అడక్కుండా, "దేవుడున్నాడండీ, ఏం కాదు," అనేసి వెళ్ళిపోయింది. కాసేపటికల్లా వీధిలో అరుగుల మీద మాటలు మొదలయ్యేయి. తులసి కిటికీ తలుపు వెయ్యబోయి, వేస్తే ఇంకా బాగుండదని ఆగిపోయింది.

"అమ్మా," అంది మోక్షిత మంచం మీంచి. "నేనడిగేను కదా కార్లో, నాన్నమ్మ ఏదీ అని?"

అనురాధ తలెత్తింది.

"అడిగేవు," అంది తులసి.

"నువ్వూ నాన్నా ఇద్దరూ ఒకేసారి చెప్పేరు, అత్తా వాళ్ళ కార్లో అని."

"ఇద్దరూ అలాగే అనుకున్నారన్నమాట," అంది అనురాధ నెమ్మదిగా. తనకి తనే నచ్చచెప్పుకుంటున్నట్టుంది ఆ మాట. తర్వాత కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

తులసి వంటింట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా స్టవ్వు తుడిచింది.

తను అలా అనుకోలేదు. తనకి తెలుసు.

ప్రసాద్ వచ్చినప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా నలుగురే. అంతర్వేది సముద్రానికెళ్ళినా నలుగురే, దిండిలో పడవెక్కినా నలుగురే. మోక్షిత పుట్టినరోజుకి ఇంకా రెండు నెలలున్నా, తండ్రి ఉండగానే కేకు కొయ్యాలని ముందే చేసేసేరు. ఆ ఫోటోల్లోనూ ప్రసాద్ పక్కన ఆవిడే. వెనక సీట్లో కూర్చుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. అందుకని ముందు సీటు ఎప్పుడూ ఆవిడదే. తులసి వెనక కూర్చుని, మొగుడి మెడ వెనక భాగం చూస్తూ ఊళ్ళు తిరిగింది. తల్లీకొడుకులు ముందు కూర్చుని చిన్నప్పటి సంగతులు చెప్పుకుని నవ్వుకుంటుంటే, ఆ సంగతుల్లో తను లేదు కాబట్టి కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూసింది.

ఆవిడ చెడ్డదైతే గొడవే ఉండేది కాదు. ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకీ ఆ నెలన్నర సెలవే ఉంది.

ఇవాళ ప్రదక్షిణాలయ్యాక, గట్టు మీద అందరూ కలిసి పులిహోర తిన్నాక, వీరబాబు కారు వెళ్ళిపోయింది. కార్లు పెట్టిన కొబ్బరితోట దాకా వచ్చేక అత్తగారు భూలక్ష్మి నాలిక్కరుచుకుని, "అయ్యో, చెప్పులు స్టాండులోనే ఉండిపోయేయి. ఇప్పుడే వస్తాను," అని, ప్రదక్షిణాలప్పుడు తులసి బ్యాగులో వేసిన ఫోను తీసుకోకుండానే వెనక్కి వెళ్ళింది. శనివారం రద్దీ. వెనకనుంచి ఒకటే హారన్లు. ఆవిడ వచ్చేదాకానే కదా అనుకుంటూ తులసి ముందు సీట్లో కూర్చుంది. ప్రసాద్ తనవంక చూసి నవ్వేడు.

"పెళ్లిరోజు కదా, కూర్చో," అన్నాడు.

వెనక కార్లకి దారివ్వడానికి కారు కొంచెం ముందుకి కదిలింది. అప్పుడు పక్క అద్దంలో ఆవిడ కనిపించింది. నీలంచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ జనంలోంచి వస్తోంది. తొందరపడి నడవడం వల్ల నోరు తెరుచుకుని ఉంది.

ఆపండి అంటే సరిపోయేది.

తులసి అనలేదు. అద్దంలోంచి చూపు తిప్పేసి, ఒళ్ళో గాజుల చేతుల వంక చూసుకుంది. వదినగారు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉండి ఉంటారని తనకి తను చెప్పుకుంది. ఉండరని తెలిసే చెప్పుకుంది. కారు గేటు దాటి రోడ్డెక్కింది. లాకుల దగ్గర నీళ్ళు దూకుతుంటే ప్రసాద్ తన భుజం మీద చెయ్యి వేసేడు. ఐస్‌క్రీము తిన్నారు. ఆ మధ్యాహ్నమంతా తను సుఖంగానే ఉంది.

మళ్ళీ గోవిందనామాలు మొదలయ్యేయి. తులసి చెయ్యి తుడుచుకోకుండానే ఫోను ఎత్తింది.

"తులసేనా అమ్మా? నేను బండారులంక కామేశ్వరిని. మీ అత్తగారి చిన్నప్పటి స్నేహితురాల్ని, గుర్తుపట్టేవా?" అవతల గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "భూలక్ష్మి మా ఇంట్లో ఉందమ్మా. ఎవరికీ ఫోను చెయ్యొద్దంది. నాకే మనసొప్పక వీధిలోకొచ్చి చేస్తున్నాను."

వెనకనుంచి అనురాధ ఫోను లాక్కుంది.

* * *

బండారులంక ఎంతో దూరం లేదు. ఆటోలో దారి పొడుగునా అనురాధ ఫోన్లు చేస్తూనే ఉంది. తమ్ముడికి, మొగుడికి, మళ్ళీ తమ్ముడికి. దొరికిందని చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. మోక్షిత తల్లి ఒళ్ళో కూర్చుని, "నాన్నమ్మ మనమీద అలిగిందా?" అని అడిగింది. తులసి పిల్ల జుట్టు సరిచేసింది.

కామేశ్వరి వాళ్ళది నేతవాళ్ళ ఇల్లు. ముందు వసారాలోనే మగ్గం. సగం నేసిన చీర దాని మీదే ఉంది. దాని పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని భూలక్ష్మి టీ తాగుతోంది. మనిషి కొంచెం నలిగినట్టుంది గానీ, బొట్టు చెదరలేదు, కొంగు జారలేదు.

"ఏంటే అనూ ఆ ఏడుపు? నేనేమైనా పోయేనా?"

"పోయేవనే అనుకున్నాం! ఎలా వచ్చేవమ్మా ఇక్కడికి?"

"బస్సులో. ఆడాళ్ళకి ఊరికేనే కదా. ఆధార్ కార్డు ఎప్పుడూ నాదగ్గరే ఉంటది. రావులపాలెంలో దిగి, అక్కడ అమలాపురం బస్సెక్కేను. ఈ ఊరు రాగానే కామేశ్వరిని చూడబుద్ధేసి దిగిపోయేను."

"మరి తమ్ముడికి చెప్పక్కర్లేదా?"

"చెప్పేను." భూలక్ష్మి టీ గ్లాసులోకి చూస్తూ అంది. "కామేశ్వరి దగ్గరికెళ్తాను, మీరు తిరిగిరండి అన్నాను. ఆ జనంలో వాడికి వినపడినట్టు లేదు."

ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఎవరున్నారు?

"వినపడకపోతే వెనక్కి తిరిగి చూడక్కర్లేదా వాడు? రానీ చెబుతాను!" అంది అనురాధ.

"చాల్లే. పిల్లాడి సెలవు నాలుగు రోజులకి మీ గొడవలొకటా?" మోక్షితని దగ్గరికి లాక్కుని, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది భూలక్ష్మి. తర్వాత తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"అక్కడే నిలబడ్డారేంటండీ? లోపలికొచ్చి కూర్చోండి."

తులసి వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో తను తప్ప ఎవరూ లేరు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ నోట ఏమ్మాయ్, తులసమ్మా అన్న పిలుపే తప్ప అండీ అన్న మాట తనకెప్పుడూ తగల్లేదు. వీధిలోకి ఎవరో తెలియని ఆడమనిషి వచ్చి నిలబడితే ఆవిడ అలాగే అంటుంది, అంతే మర్యాదగా, అంతే నవ్వుమొహంతో. అనురాధ గమనించలేదు. కామేశ్వరి గమనించి, "టీ తెస్తానమ్మా," అంటూ లోపలికెళ్ళిపోయింది.

తులసి వచ్చి నేల మీద కూర్చుంది.

"కింద ఎందుకండీ, చాప వేస్తారు కదా."

"పర్లేదండీ అత్తయ్యగారూ."

వెనకింట్లో ఇంకో మగ్గం ఆడుతున్న చప్పుడు వినపడుతోంది.

దీపాలు పెట్టే వేళకి ప్రసాద్ వచ్చేడు. కారు వీధిలోనే వదిలేసి, పరుగున వచ్చి తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆవిడ అతని తల నిమిరింది.

"బట్టలు తడిసిపోయేయేంట్రా? జలుబు చేస్తుంది." తర్వాత తులసి వైపు తిరిగి, "వాడికో తువ్వాలు ఇప్పించండి," అంది.

"పదమ్మా, ఇంటికెళ్దాం."

"నేను కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను నాన్నా. కామేశ్వరితో మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో. నీ సెలవయ్యేలోపు మీరు ముగ్గురూ చూడాల్సినవి చూసుకోండి."

"నువ్వు లేకుండా ఎక్కడికెళ్తామమ్మా!"

"ఇవాళ వెళ్ళలేదా?"

ఆ మాట ఆవిడ గట్టిగా కూడా అనలేదు. ప్రసాద్ తల అలాగే వంగి ఉంది. కామేశ్వరి టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

తులసి లేచి వీధిలోకి వచ్చేసింది.

* * *

ఇంటి ముందు నుంచే పంటకాలవ. దాని మీద చిన్న సిమెంటు చప్టా. తులసి అక్కడ నిలబడి ఉంటే వెనకాలే ప్రసాద్ వచ్చేడు.

"నేను చూసేనండీ," అంది తులసి వెనక్కి తిరక్కుండానే. "మధ్యాహ్నం. మనం బయల్దేరినప్పుడు. అత్తయ్యగారు వస్తూనే ఉన్నారు. చెయ్యి ఊపుతున్నారు. నేను చూసి కూడా మీకు చెప్పలేదు."

అతను కోపంతో ఏదో అంటాడని ఎదురుచూసింది. అంటే బాగుండునని కూడా అనుకుంది.

"నాకు తెలుసు," అన్నాడు ప్రసాద్.

"నేను చూసినట్టు తెలుసా?"

"అమ్మ వస్తున్నట్టు తెలుసు. నేనూ చూసేను."

తులసి ఇటు తిరిగింది. సందె చీకట్లో అతని మొహం సరిగ్గా కనపడటం లేదు.

"నువ్వేమైనా అంటావేమోనని చూసేను. ఆపమంటే ఆపేద్దును. నువ్వు అనలేదు." అతను చప్టా అంచు మీద కూర్చున్నాడు. "ఒక్క పూట, ఒక్క పూట మనం ముగ్గురమే ఉందాం అనిపించింది. అక్క ఉంది కదా అనుకున్నాను. అక్క వెళ్ళిపోయిందని తెలిసీ అనుకున్నాను."

"మరి ఇందాకట్నుంచీ వదినగారు పాపం ఆ అన్నయ్యగార్ని అన్నేసి మాటలంటుంటే..."

"నువ్వు మాత్రం చెప్పేవా?"

కాలవలో ఎక్కడో చేప ఎగిరి పడిన చప్పుడయింది.

"లోపలికెళ్ళి చెప్పేద్దామండీ," అంది చివరికి. "కాళ్ళు పట్టుకుందాం ఇద్దరం."

"వద్దు."

"ఎందుకు?"

ప్రసాద్ అటూ ఇటూ చూసేడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "అమ్మ నువ్వనే అనుకుంటోంది," అన్నాడు. "నీతో అండీ, అండీ అని మాట్లాడ్డం నేను వచ్చేక విన్నాను. నామీద ఆవిడకి అనుమానం రాలేదు."

తులసికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇంకేమైనా అంటాడేమోనని అతని మొహంలోకి చూసింది.

"నేను వెళ్ళిపోతాను తులసీ. అక్కడ ఆ గదిలో పడుకుని, అమ్మకి తెలుసు, అమ్మకి తెలుసు అనుకుంటూ నేను ఉండలేను. నువ్వయితే ఇంట్లోనే ఉంటావు. కొన్నాళ్ళకి ఆవిడ మర్చిపోతుంది. కోడలు చేసిందంటే తట్టుకుంటుంది. కొడుకు చేసేడంటే..."

"నన్ను చెప్పమంటారా? నేనొక్కదాన్నే అని?"

"చెప్పమనట్లేదు. కాదని అనకు, అంతే."

తనెంత సిగ్గుపడుతోందో ఇందాకటి దాకా తులసికి తెలుసు. ఇప్పుడు అతని కోసం కూడా సిగ్గుపడాల్సొచ్చింది. అది ఇంకా బరువుగా ఉంది. పైగా కాదని గట్టిగా అనడానికి తనకి నోరు లేదు. ఆ అద్దంలోంచి చూపు తిప్పుకున్నది తనే కదా.

ఆమె లోపలికి నడిచింది.

వసారాలో భూలక్ష్మి ఒక్కతే ఉంది. అనురాధా, కామేశ్వరీ వంటింట్లో ఉన్నారు. పిల్ల వాళ్ళ దగ్గర ఏదో తింటూ కబుర్లు చెబుతోంది. తులసి ఆవిడ పాదాల దగ్గర కూర్చుంది. కాళ్ళు పట్టుకోబోతే ఆవిడ వెనక్కి తీసుకుంది.

"ఒక్కటే అడుగుతానండీ. నిజం చెప్పండి," అంది భూలక్ష్మి. "అబ్బాయి నన్ను చూసేడా?"

గుమ్మం అవతల చప్టా మీద ప్రసాద్ నీడ కదలకుండా ఉంది. వినపడే దూరం కాదు.

"లేదండీ. ఆయన చూడలేదు. నేనొక్కదాన్నే చూసేను. నేనే చెప్పలేదు." తులసి తలెత్తి చూసింది. "నన్ను తిట్టండి అత్తయ్యగారూ. కొట్టండి. అండీ అని మాత్రం అనకండి."

భూలక్ష్మి ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, పీట మీంచి ముందుకి వంగింది.

"ఇలా దగ్గరికి రా, తులసమ్మా. అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు."

తులసి ఉలిక్కిపడింది.

"ఆ తోట గేటు దగ్గర ఎవరో అడ్డం వస్తే కారు ఆగింది కదా. అప్పటికి నేను దగ్గరికి వచ్చేసేను. వాడి వైపే వచ్చేను. నువ్వు తల దించుకుని కూర్చున్నావు. నేను చూసేను. వాడు తల దించుకోలేదమ్మా. నావంక చూసేడు. చూసి, కిటికీ అద్దం ఎత్తేసుకున్నాడు. ఆ జనంలో నేనది చూడలేదనుకున్నాడు కాబోలు."

వంటింట్లోంచి మోక్షిత నవ్వు వినపడింది.

"నీమీద కోపముంది నాకు. లేదని అనను. నీమీది కోపం ఇంట్లోదే, ఎప్పటికో అప్పటికి పోతుంది. వాడిమీద ఏం పెట్టుకోవాలో తెలీక ఆ బస్సులో ఇంటికి రాలేక ఇక్కడ దిగిపోయేను." ఆవిడ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "నాకు తెలిసినట్టు వాడికి తెలియనివ్వకు. పరాయిదేశంలో ఒక్కడూ ఉంటాడు. అక్కడ ఇది తలుచుకుంటూ కూర్చుంటాడు. మాట ఇస్తావా?"

తులసి చెయ్యి చాచలేదు, వెనక్కీ తీసుకోలేదు. ఆవిడే ఆ చెయ్యి పట్టుకుని, తన అరచెయ్యి దానిమీద వేసి నొక్కింది.

చెప్పుల చప్పుడైంది. ప్రసాద్ లోపలికొచ్చేడు. ఇద్దర్నీ అంత దగ్గరగా చూసి ఆగేడు. భార్య మొహం చూసేడు, తల్లి మొహం చూసేడు. తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏంటి, అత్తాకోడళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ఏముంది నాన్నా," అంది భూలక్ష్మి. ఆవిడ గొంతులో ఏమీ తేడా లేదు. "రేపు ఆదివారం కదా, ఎక్కడికెళ్దామా అని."

"వస్తావా అమ్మా?" అతని మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. చిన్నపిల్లాడిలా ముందుకొచ్చేడు. "నువ్వెక్కడికంటే అక్కడికే! కారు కావాలంటే రేపు కూడా అడుగుతాను."

"నన్నడక్కు. తులసమ్మని అడుగు. తను రమ్మంటే వస్తాను, వద్దంటే ఇక్కడే ఉంటాను."

మాటలు విని అనురాధ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే పిల్ల. అందరూ తులసి వైపే చూస్తున్నారు.

ప్రసాద్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తల్లి కూడా అతని వంక చూసి నవ్వింది. ఆ రెండు నవ్వుల మధ్య తులసి తల ఎటు తిప్పాలో తెలియక, నేలవంక చూసింది.